రెండు ములుకుల బేరం

విరజాపురం కోట తూర్పు వాకిలి తెరుచుకునేసరికే ఆయుధాల అంగడిలో కాలు పెట్టే సందు లేదు. ఈటెలు, బరిసెలు, ఒరల్లోంచి సగం దూసి చూపిస్తున్న కత్తులు, దంతపు పిడుల బాకులు, నెమలి పింఛాలు కట్టిన అంబులపొదులు. లేత ఎండ వాటన్నిటి మీదా పడి వీధి వెండి ఏరులా తళతళలాడుతోంది. అమ్మేవాళ్ల కేకలతో, బేరమాడేవాళ్ల కసుర్లతో చెవులు గింగిర్లెత్తుతున్నాయి. నాలుగు దేశాల వేటగాళ్లు భుజాలు రాసుకుంటూ తిరుగుతున్నారు. ఆ గుంపులో అందరికంటే జానెడు ఎత్తుగా, భుజాన పాత విల్లు, మొలలో తొమ్మిది వరహాల మూటతో నడుస్తున్నవాడు ఎలమందుడు.

మూడు నెలలుగా ఆ రాజ్యానికి కంటి మీద కునుకు లేదు. ఎక్కడినుంచి వచ్చిందో, ఒక అడవిపంది నీలిగండి కనుమలో మకాం పెట్టింది. మామూలు పంది కాదది. గున్న ఏనుగంత ఎత్తు, కొడవళ్లలాంటి కోరలు, ఒళ్లంతా రాతిపెంకులాంటి తోలు. జనం దానికి వజ్రవరాహమని పేరు పెట్టారు. కనుమ దాటబోయిన ఉప్పుబండ్లను అది బొంగరాల్లా తిరగేసింది. ధవళసేన మహారాజు పంపిన రెండు దండులూ చెట్టుకొకరు పుట్టకొకరుగా వెనక్కి వచ్చాయి. చివరికి రాజు చాటింపు వేయించాడు. వజ్రవరాహాన్ని కూల్చినవాడు ఏది కోరితే అది ఇస్తాడట. వేటకు ముహూర్తం మరునాటి సూర్యోదయం.

ఎలమందుడికి రాజుగారి కానుకల మీద ధ్యాస లేదు. అతని ఊరు గవ్వలగూడెం ఆ కనుమకు అవతల ఉంది. నలభై గడపల ఊరు. ఉప్పు లేదు, గింజ లేదు. అతని అక్క గవరమ్మ పంపిన మనిషి కొండ శిఖరాలెక్కి, గోళ్లు ఊడిపోయిన చేతులతో వచ్చి చెప్పాడు. "పిల్లలకు గడ్డలు ఉడకేసి పెడుతున్నారన్నా. ఇంకో పది రోజులు. ఆపైన ఆ గడ్డలు కూడా ఉండవు." ఆ మాట విన్న పూటే ఎలమందుడు తన వెండి దండకడియాన్నీ ఏడు జింకతోళ్లనూ అమ్మేశాడు. ఆ తొమ్మిది వరహాలతో ఇప్పుడు ములుకులు కొనాలి. వేటగాడు ఎంత గొప్పవాడైనా, బాణం చివర ఉన్న ఆ వేలెడు ఇనుమే కదా జంతువును తాకేది!

అంగడి నడిమధ్యన ఎర్రపట్టు పందిరి కింద అందరికంటే పెద్ద దుకాణం ఉంది. దాని యజమాని మణిభద్రుడనే విదేశీ వర్తకుడు. ఎర్రటి పెదవులు, నూనె రాసిన గడ్డం, పది అడుగుల దూరానికి కొట్టే పన్నీటి వాసన. అతని ఎడమపక్కన ములుకుల కట్టలు పనల్లా పేర్చి ఉన్నాయి. కుడిపక్కన మఖమలు పరిచిన పళ్లెంలో బంగారు తీగతో నెమళ్లు పొదిగిన ములుకులు కళ్లు చెదరగొడుతున్నాయి.

"రా వీరుడా, రా! కట్టలైతే వరహాకు ఇరవై. నెమలి ములికైతే ఒక్కోటి తొమ్మిది వరహాలు. డబ్బు తక్కువా, కట్ట తీసుకో. పంది మీద అరవై వేస్తే ఒక్కటైనా దిగదా?"

వేటగాళ్లు ఎగబడి కట్టలు కొంటున్నారు. ఎలమందుడు ఒక కట్టలోంచి ములికి లాగి బొటనవేలితో నొక్కాడు. లేత ఆకులా వంగింది.

"పిట్టలకూ కుందేళ్లకూ ఇవి బాగానే ఉంటాయి. పొదల్లో పోయినా బెంగ ఉండదు. పందికి మాత్రం పనికిరావు" అంటూ పెట్టేశాడు. తర్వాత నెమలి ములికి తీసుకుని ముంజేతి మీద గీశాడు. వెంట్రుకలు నున్నగా రాలాయి. అతని మనసు లాగింది. ఉన్న సొమ్మంతా దీనికే సరిపోతుంది.

"దీన్ని ఒక ఎముక మీద కొట్టి చూడొచ్చా?" అని అడిగాడు.

మణిభద్రుడి నవ్వు ఒక్క క్షణం ఆగిపోయింది. "తొమ్మిది వరహాల సొగసును ఎముక మీద కొడతావా? కొన్నాక నీ ఇష్టం. కొనకముందు కుదరదు." వేళ్లకు పట్టుగుడ్డ చుట్టుకుని, నిప్పును తీసినట్టు ఆ ములికిని వెనక్కి తీసుకున్నాడు.

పక్కనుంచి ఒక చెయ్యి ముందుకొచ్చింది. సన్నటి మనిషి, నీలం తలపాగా, ముక్కుదాకా కప్పిన ఉత్తరీయం. "నాకివ్వు దాన్ని" అని ఆ యువకుడు ఒక ముత్యపుటుంగరం తీసి పళ్లెంలోకి విసిరి, బేరమైనా ఆడకుండా నెమలి ములికి తీసుకుని వెళ్లిపోయాడు.

ఎలమందుడు ముందుకు నడిచాడు. వీధి చివర, కందకం ఒడ్డున తాటాకు పాకలోంచి సమ్మెట దెబ్బ వినిపించింది. లోపల డెబ్భై ఏళ్ల ముసలమ్మ ఒకతె కొలిమి ముందు కూర్చుని ఉంది. పేరు పోలాంబ. ఆమె ముందు చాప మీద నల్లటి ములుకులు అయిదు ఉన్నాయి. మెరుగు లేదు, చెక్కడం లేదు. కాకి ముక్కుల్లా ఉన్నాయి.

"ఎంతవ్వా?"

"ఒక్కోటి మూడు వరహాలు."

ఎలమందుడికి నవ్వొచ్చింది. "మూడు వరహాలా! అక్కడ మూడు వరహాలకు అరవై ఇస్తున్నారే!"

"అయితే అక్కడే కొనుక్కో నాయనా. వెలుతురుకు అడ్డం తప్పుకో."

అతను కదల్లేదు. ముసలమ్మ సమ్మెట దించి అతని వింటి వైపు, అరచేతుల్లోని కాయల వైపు చూసింది. గొంతు కాస్త మెత్తబడింది.

"రేపటి వేటకేనా? ఆ పంది నీ మీదికొచ్చేటప్పుడు ఎన్ని బాణాలు వెయ్యనిస్తుంది?"

"ఒకటి. పుణ్యం బాగుంటే రెండు."

"మరి మిగతా యాభై ఎనిమిదీ ఏం చేసుకుంటావు?"

ఎలమందుడు చాప ముందు గొంతుక్కూర్చున్నాడు. "కొట్టి చూడొచ్చా అవ్వా?"

"చూడకుండా కొనేవాడికి నేనమ్మను" అంది పోలాంబ. పాక వెనక గుంజకు గేదె భుజపుటెముక వేలాడుతోంది. దాని మీద రెండు పొరల పచ్చితోలు, ఆ తోలు మీద ఎండిన బురద. ఒక నల్ల ములికిని తన దగ్గరున్న బాణానికి బిగించి అతని చేతికిచ్చింది. ఎలమందుడు ఇరవై అడుగులు వెనక్కి జరిగి వదిలాడు. బురద, తోలు, ఎముక అన్నీ దాటి మొన అవతల బొటనవేలంత పొడుచుకువచ్చింది. దాన్ని ఊడబెరికి ముంజేతి మీద గీశాడు. వెంట్రుకలు ఇంకా రాలుతున్నాయి! దారిన పోయే వేటగాణ్ణి బతిమాలి కట్టలోని ములికి ఒకటి తీసుకుని దాన్నీ వేసి చూశాడు. అది తోలు దగ్గరే కుక్కచెవిలా మడతపడింది.

"మెత్తని ఇనుము వంగుతుంది. మరీ గట్టిపడితే పెళుసై విరుగుతుంది" అంది పోలాంబ. "ఆ రెంటి మధ్య ఎక్కడ ఆపాలో తెలియడానికి నాకు నలభై ఏళ్లు పట్టింది. నువ్విచ్చే మూడు వరహాల్లో ఇనుము ఖరీదు అర వరహా. మిగిలింది ఆ నలభై ఏళ్లది."

"మరి ఆ నెమలి ములికి? పదును బానే ఉంది."

"పదునుంటుంది. కానీ బంగారు తీగ పొదగడానికి ములికి అలుగు నిడివంతా గాడి తీశారు కదా. దెబ్బ తగిలితే ఆ గాడి దగ్గరే పుటుక్కుమంటుంది. బంగారం అని పంది జాలిపడుతుందా?"

ఎలమందుడు మూట విప్పాడు. "మూడివ్వు అవ్వా."

ముసలమ్మ అతని అంబులపొదిలోంచి ఒక బాణం లాగి, చేతిలో ఊపి చూసి పెదవి విరిచింది. "ఈ బోడి కర్రకు నా ములికి బిగిస్తే తల బరువెక్కి బాణం ముక్కు వాలుస్తుంది. రెండే తీసుకో. మూడోదాని డబ్బుతో గట్టి కర్రలు కొనుక్కో. బాణమంటే ములికి ఒక్కటే కాదు." ఆ మాటతో పాటు మొన చెడిన పాత ములికిని ఒకదాన్ని అతని ఒళ్లోకి విసిరింది. "తూకం అదే. చీకటి పడేదాకా దీనితో చెయ్యి అలవాటు చేసుకో. రేపు తెచ్చియ్యి."

తన సరుకు తనే వద్దన్న వర్తకురాలిని ఎలమందుడు అంతకుముందు చూడలేదు. ఆమె చెప్పినట్టే రెండు కొన్నాడు. మిగిలిన మూడు వరహాలకు ఆరబెట్టిన గట్టి కర్రలు, ఈకలు, వాటిని బిగించి కట్టే నరం కొన్నాడు. పొద్దువాలేదాకా కందకం ఒడ్డున గడ్డిమోపును నిలబెట్టి మొద్దు ములికితో వేశాడు. మొదట బాణాలు దిగువన పడ్డాయి. తర్వాత పక్కకు పోయాయి. చివరి ఇరవై మాత్రం అరచెయ్యంత చోట, ఒకదాని గుంటలో ఒకటి పడ్డాయి.

మర్నాడు సూర్యుడు నీలిగండి మీద పొడుస్తున్నాడు. రెండు పక్కలా ఆకాశాన్ని తాకే నీలపు కొండలు. వాటి మధ్య పొగమంచు పాలకుండ ఒలికినట్టు జారుతోంది. కొండచరియల మీద మోదుగులు నిప్పులు చెరుగుతున్నట్టు పూశాయి. అడుగున మాత్రం విరిగిన ఇరుసులు, బోర్లాపడ్డ బండ్లు, ఎండకు తెల్లబడ్డ ఎడ్ల ఎముకలు. నలభైమంది వేటగాళ్లు అర్ధచంద్రాకారంగా నిలబడ్డారు. వాళ్ల వెనక, ఎత్తైన రాతి మీద పల్లకి దించుకుని మణిభద్రుడు కూర్చున్నాడు. "నా ములుకుల ప్రతాపం కళ్లారా చూడాలని వచ్చాను" అన్నాడు.

రాజుగారి దళపతి కొమ్ము ఊదాడు. దానికి బదులుగా కనుమ లోపలినుంచి వచ్చిన గుర్రుకు రాళ్లు దొర్లాయి. పొగమంచు చీలింది. వజ్రవరాహం!

"వెయ్యండి!" అన్న కేకతో చుట్టూ వింటి అల్లెతాళ్లు ఒక్కసారి మోగాయి. బాణాలు వడగళ్లలా కురిశాయి. వడగళ్లలానే రాలిపోయాయి. ములుకులన్నీ వంగి, నలిగి, పంది కాళ్ల కింద చిట్లాయి. మళ్లీ వేశారు. మళ్లీ రాలాయి. ఎలమందుడు ఇంకా విల్లెత్తలేదు. కళ్లు చికిలించి చూస్తున్నాడు. బాణం తగిలిన ప్రతిచోటా పంది తోలు పొంగుతోంది! చెట్టుకు కొత్త బెరడు పుట్టినట్టు, పెంకు మీద పెంకు లేస్తోంది. ఇందాక వేలెడు మందం ఉన్న తోలు ఇప్పుడు జానెడైంది. వెనక్కి తిరిగి చూస్తే, రాతి మీద మణిభద్రుడి పెదవులు మంత్రం చదువుతున్నట్టు చకచకా కదులుతున్నాయి.

వాడు వరహాకు ఇరవై ఎందుకమ్మాడో ఎలమందుడికి తెలిసిపోయింది.

"ఆపండి! వెయ్యొద్దు!" అని గొంతు చించుకున్నాడు. "నెత్తురు రాని ప్రతి బాణమూ దానికి కవచమవుతోంది! వాడు మనచేతే దాన్ని మేపిస్తున్నాడు!"

ఎవరు వింటారు? సగం మంది అప్పటికే పారిపోతున్నారు. మిగతావాళ్లు భయంతో ఇంకా వేగంగా వేస్తున్నారు. ఆ గందరగోళంలో నీలం తలపాగా యువకుడు ఒక్కడే అడుగు వెనక్కి వెయ్యకుండా మోకాలి మీద కూర్చుని గురి చూశాడు. నెమలి ములికి బంగారు గీతలా దూసుకుపోయింది. సరిగ్గా భుజం మీద తగిలింది. పుటుక్కున రెండు ముక్కలైంది.

పంది తల తిప్పింది. నేల అదిరేలా ఆ యువకుడి మీదికి ఉరికింది. గాలివిసురుకు తలపాగా ఊడిపోయింది. నడుం దాటిన జడ జారింది.

"యువరాణి! హిరణ్మయీదేవి!" అని దళపతి కెవ్వుమన్నాడు.

హిరణ్మయి పారిపోలేదు. మొలలోని బాకు దూసి నిలబడింది. అప్పటికే ఎలమందుడు పరుగెడుతున్నాడు. పందికి ఎదురుగా కాదు, పక్కవాటుగా. ఆ కవచాన్ని ఎవరూ చీల్చలేరు. కానీ ఎంత పెంకున్నా నడిచే జంతువుకు చంకలో తోలు ముడుచుకోవాలి, విచ్చుకోవాలి. ముందుకాలు ముందుకు వేసినప్పుడు, ఆ కాలి వెనక అరచెయ్యంత చోటు, ఒక్క రెప్పపాటు. అతను విరిగిన బండి మీదికి గెంతి, ఊపిరి బిగబట్టి, అల్లెతాడు చెవిదాకా లాగాడు. ఒక అంగ. రెండు అంగలు. యువరాణికి మూడు బారల దూరంలో పంది ముందుకాలు చాచింది.

బాణం వదిలాడు.

చప్పుడు కూడా సరిగ్గా వినిపించలేదు. ఈకల దాకా బాణం కనబడకుండా పోయింది. పంది ఇంకో నాలుగు అంగలు వేసింది. దాని కోర హిరణ్మయి ఉత్తరీయాన్ని చింపింది. ఆమె పక్కకు దొర్లింది. అయిదో అంగలో దాని మోకాళ్లు విరిగాయి. కొండ ఒరిగినట్టు ఒరిగింది. మరుక్షణం దాని ఒంటి మీది పెంకులన్నీ ఎండిన చెరువు బీటల్లా పగిలి, బొగ్గుల్లా రాలి, దుమ్మైపోయాయి.

రాతి మీదినుంచి వికృతమైన కేక లేచింది. మణిభద్రుడి గడ్డం, పట్టుబట్టలు, పన్నీటి వాసన పొగలా విడిపోయాయి. బూడిద రంగు ఒళ్లు, ఎముకల హారం, గుంటకళ్లు! "కంకాళభట్టు!" అని వేటగాళ్లు వణికిపోయారు. ఆ మాంత్రికుడి పేరు చెబితే నాలుగు రాజ్యాల్లో దీపాలు ఆరిపోతాయి.

"ఒరేయ్ కొండవాడా! నూరు బాణాల బలం ఒక్క బాణంతో ఊడ్చేశావు కదరా!" అని పళ్లు కొరికి, రెండు చేతులూ చాచాడు. చేతులు రెక్కలయ్యాయి. రాక్షస రాబందై పైకి లేచాడు.

ఎలమందుడి దగ్గర ఇంకొకటే ఉంది. తొందరపడలేదు. రాబందు సూర్యుడికి అడ్డం వచ్చి, కళ్లకు నీడ దొరికిన ఆ క్షణంలో వదిలాడు. బాణం రెక్క మొదట్లో దిగింది. ఇనుము తాకిన చోట సలసలమని పొగ లేచింది. నీలపు నెత్తురు చుక్కలు చుక్కలుగా రాళ్ల మీద పడుతుండగా, రాబందు వంకరటింకరగా ఎగురుతూ ఉత్తరపు లోయ వైపు కొట్టుకుపోయింది.

అప్పుడు లేచింది కేక! నలభైమంది గొంతులు ఒక్కటై కనుమ మార్మోగింది. పారిపోయినవాళ్లు కూడా తిరిగొచ్చి అందరికంటే గట్టిగా అరిచారు. కొమ్ములు మోగాయి. కోట దగ్గర మూడు నెలలుగా ఆగిపోయిన ఉప్పుబండ్లు గంటలు మోగించుకుంటూ బయలుదేరాయి. ఎలమందుడు మొదటి బండివాణ్ణి ఆపాడు.

"మామా, గవ్వలగూడెంలో గవరమ్మని మా అక్క ఉంది. మొదటి బస్తా అక్కడ దించు. తమ్ముడు క్షేమమని చెప్పు."

"చెప్పడమేంటి నాయనా, పాడుకుంటూ పోతాను!" అన్నాడు బండివాడు, కళ్లు తుడుచుకుంటూ.

హిరణ్మయి విరిగిన నెమలి ములికిని ఏరుకుని, దుమ్ము దులుపుకుంటూ వచ్చింది. ఎలమందుడు అప్పటికే పంది పక్కన కూర్చుని బాణాన్ని కోసి తీస్తున్నాడు. పక్కటెముకను చీల్చుకుపోయిన ఆ నల్లటి అలుగు మీద నువ్వుగింజంత నొక్కు తప్ప ఏమీ లేదు. దాన్ని పక్కనున్న రాతి మీద నాలుగుసార్లు నూరాడు. నొక్కు పోయింది.

"ఎంత పెట్టావు దానికి?" అని అడిగింది యువరాణి.

"మూడు వరహాలు తల్లీ."

ఆమె తన చేతిలోని విరిగిన నెమలిని చూసి ఫక్కున నవ్వేసింది. "నేను మా అమ్మ ముత్యపుటుంగరం పారేసుకున్నాను! సరే విలుకాడా, నాన్నగారు నువ్వేది కోరితే అదిస్తామన్నారు. ఏం కావాలి?"

ఎలమందుడు లేచి ఉత్తరపు లోయ వైపు చూశాడు. "ముందు వాడి లెక్క తేలాలి. వాడు బతికుంటే ఇంకో పందిని చేస్తాడు. అడగాల్సింది తిరిగొచ్చి అడుగుతాను."

"తిరిగొచ్చి అడుగుతాం అను" అంది హిరణ్మయి, నేల మీద పడి ఉన్న ఒక విల్లు తీసుకుంటూ.

దళపతి అడ్డుపడబోయాడు. ఆమె చూసిన చూపుకు పక్కకు తప్పుకున్నాడు. ఇద్దరూ నీలపు నెత్తుటి చుక్కల జాడ పట్టి లోయలోకి దిగారు. తుప్పల్లో దూరి, జారుడు రాళ్ల మీద పాకి, ముళ్లకు బట్టలు చింపుకుంటూ మిట్టమధ్యాహ్నానికి ఒక నిలువు బండ ముందుకు చేరారు. అక్కడ, రాబందు ఈకల మధ్య, రెండో బాణం పడి ఉంది. దాని ములికిని ఎలమందుడు వేలితో తాకి చూశాడు. చెక్కుచెదరలేదు. ఆ బాణాన్ని యువరాణి చేతికిచ్చాడు. మొదటిదాన్ని తను ఉంచుకున్నాడు.

చుక్కలు బండ దగ్గరే ఆగిపోయాయి. హిరణ్మయి అరచేత్తో రాతిని తోసింది. గిర్రుమంటూ బండ తిరిగింది. చల్లటి గాలి మొహాలకు కొట్టింది. అవతల, నాలుగు వైపులా కొండలు కాపలా కాస్తున్న పచ్చిక బయలు. నడుమ అద్దంలాంటి మడుగు. గట్టునంతా ఎర్రతామరలు. ఆ నీళ్లు తాగుతూ, ఒకటి కాదు, పది కాదు, నూరు వరాహాలు! అవతలి ఒడ్డున, అన్నిటికంటే పెద్దదాని మెడ మీద, చెయ్యి వేలాడేసుకుని కంకాళభట్టు కూర్చున్నాడు. అతను వీళ్లను చూసి వికటంగా నవ్వాడు. మడుగు చుట్టూ నూరు తలలు ఒక్కసారిగా లేచాయి.

హిరణ్మయి వింటికి బాణం తొడిగింది. ఎలమందుడు మాత్రం వాటి ఒళ్ల వైపే చూస్తున్నాడు. నున్నటి గోధుమరంగు వెంట్రుకలు. ఎక్కడా పెంకు లేదు.

"తల్లీ, చూశారా? వీటికింకా ఒక్క చెడ్డ బాణం కూడా తగల్లేదు" అన్నాడు, మొహం వెలిగిపోతుండగా. "మీరు వాడెక్కిన పెద్దదాన్ని చూసుకోండి. వాడు నాకు. వాడు పడితే ఈ మందను నడిపే మంత్రమే ఉండదు."

నూరు వరాహాల గిట్టల కింద పచ్చిక బయలు డప్పులా మోగింది. రెండు విళ్లు ఒక్కసారే వంగాయి.